గోరింక గారి విదేశీ ఉద్యోగాల తొర్ర

ఒక పెద్ద అడవిలో ఉద్యోగాలు తక్కువగానూ, ఉద్యోగాలు ఇప్పించేవాళ్లు ఎక్కువగానూ ఉండేవారు.

అడవి పెద్దదని ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, చిన్న అడవుల్లో ఎవరికి ఏ పని వచ్చో అందరికీ తెలుస్తుంది. అడవి పెరిగేకొద్దీ పని తెలిసినవాడు ఒక మూలా, పని ఉన్నవాడు ఇంకో మూలా ఉండిపోతారు. ఆ రెండు మూలల మధ్య దారిలో ఎవరో ఒకరు బల్ల వేసుకుని కూర్చుంటారు. కొన్నాళ్లకు ఆ బల్ల లేకపోతే అసలు దారే లేదని అందరూ నమ్ముతారు.

ఆ అడవిలో అప్పలకొండ అనే అలుగు ఉండేవాడు. అలుగును చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు. నోట్లో ఒక్క పన్ను ఉండదు, నాలుక మాత్రం మూరెడు. చీమలూ చెదపురుగులూ తప్ప మరోటి ముట్టడు. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతాడు. పులి వచ్చినా చుట్టుకుంటాడు, పెద్ద ఆఫీసరు వచ్చినా చుట్టుకుంటాడు. పులి విషయంలో అది బాగానే పనికొచ్చేది.

ఆ ఏడు ఎండాకాలంలో సింహం గారి సభ ఒక తీర్మానం చేసింది. అడవిలోని చెదపుట్టలన్నీ పురాతన కట్టడాలట. వాటిని తవ్వకూడదు, గీకకూడదు, నాకకూడదు. నిజానికి ఆ రోజు సభలో చర్చకు పెట్టింది బాటల మీది గుంతల సంగతి. గుంతల మీద మాటా మాటా పెరిగి, పొద్దు వాలినా ఏమీ తేలలేదు. ఎవరికీ అభ్యంతరం లేనిది ఏదో ఒకటి ఆమోదించి లేద్దామని పుట్టల్ని పట్టుకున్నారు. అలుగులకు సభలో సభ్యత్వం లేదు. ఎలుగుబంటికి ఉంది, ఆయనకూ చెదలు ఇష్టమే. కానీ ఆ సమయానికి ఆయన తేనె విరామంలో ఉన్నాడు.

మర్నాటి నుంచి పుట్టకొక ముంగిస కాపలా. చీమలంటారా, ఆ ఎండలకు అవి ఎప్పుడో నేల లోపలికి దిగిపోయాయి.

వారం తిరిగేసరికి అప్పలకొండ పొలుసులు వదులయ్యాయి. భార్య సన్నెమ్మ కూడా చిక్కిపోయింది. ఆవిడ తోక మీద ఒక పసిది. అలుగుల పిల్లలు తల్లి తోక మీదే కూర్చుని ప్రయాణిస్తాయి. ఆ పసిది ఇప్పుడు దూకడాలూ ఊగడాలూ మానేసి, తోకను వాటేసుకుని ఊరికే పడి ఉంటోంది.

"ఏమయ్యా, ఏటవతలి అడవిలో చెదలు విపరీతంగా పట్టాయంట కదా?" అంది సన్నెమ్మ. "మద్ది చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలిపోతున్నాయంట. అక్కడికి పోతే మనల్ని బతిమాలి పెట్టుకుంటారు."

"నేనూ విన్నాను," అన్నాడు అప్పలకొండ.

"విని?"

"చుట్టుకుని పడుకున్నాను."

ఏటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఎండాకాలంలో ఆ ఏటి నడుమ ఇసుక తిప్పలు బయటపడేవి. కాళ్లున్న ఎవరైనా దాటొచ్చు. తొలకరి పడిందంటే నాలుగు నెలలు దారి మూత. అప్పటికి ఇంకా ఇరవై రోజులో పాతిక రోజులో ఉన్నాయి. ఉద్యోగం లేనివాళ్లను అవతలి అడవిలో ఉండనివ్వరు కాబట్టి ఈలోగా పని దొరికి ముగ్గురూ అవతలికి చేరాలి. లేకపోతే నాలుగు నెలలు ముంగిసల మొహాలు చూస్తూ పస్తులుండాలి. పసిది అన్నాళ్లు ఆగేట్టు లేదు.

ఆ ఏట్లో కూర్మారావు అనే ముసలి తాబేలు ఉండేవాడు. ఆయనకు ఇవతలా అవతలా రెండూ ఊళ్లే.

"దీనికంత ఆలోచన దేనికిరా?" అన్నాడాయన. "ఒక ఆకు మీద నువ్వెవరో, ఏం చేస్తావో రాసియ్యి. వాళ్ల ఆఫీసు గుమ్మంలో పడేసి వస్తాను."

అప్పలకొండ మోదుగాకు మీద గోటితో గీకాడు. 'నేను అలుగును. చెదలు తింటాను. పని ఇప్పించగలరు.' కింద పేరు. కూర్మారావు తీసుకెళ్లి గుమ్మంలో వేసి వచ్చాడు. మూడు రోజులకు ఇంకోటి. మరో మూడు రోజులకు ఇంకోటి. జవాబు లేదు. రాలేదనో, పనికిరావనో, నువ్వెవడివిరా అనో ఒక్క ముక్క కూడా లేదు.

"ఒకవేళ నా చేతిరాత బాగాలేదేమో బాబాయ్."

"నీ రాతకేం, కోడి గీకినట్టు ముచ్చటగా ఉంది. ఇంకోటి రాయి."

సన్నెమ్మకు ఓపిక పోయింది. "అందరూ గోరింక దగ్గరికే పోతున్నారు. నువ్వూ పో. నీ మోదుగాకులు అక్కడి మేకలు నమిలేసి ఉంటాయి."

గోరింక పేరు సుభాషిణి. పాత మద్దిచెట్టు తొర్రలో ఆవిడ ఆఫీసు. తొర్ర చుట్టూ ఈకలూ, ముళ్లపంది ముళ్లూ, ఒక లేడి గిట్టా వరసగా తగిలించి ఉండేవి. 'వీరంతా మేము పంపినవారు' అని పైన బోర్డు. డేగ ఈక కింద 'ప్రస్తుతం ఉన్నతాధికారి' అని రాసి ఉంది. ఆ డేగ ఎవరూ పంపకుండానే ఎగిరి వెళ్లాడని, దారిలో ఈక రాలితే ఈవిడ ఏరుకుందని కొందరనేవారు. ఆ కొందరికి ఎక్కడా ఉద్యోగాలు లేవు కాబట్టి వాళ్ల మాట ఎవరూ పట్టించుకోలేదు.

సుభాషిణి గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. కోకిలతో కోకిలలా, కప్పతో కప్పలా మాట్లాడేది. ఎవరి గొంతు విన్నా రెండో మాటకు అచ్చు దింపేసేది.

"రండి అప్పలకొండ గారూ! మీలాంటి వారి కోసమే చూస్తున్నాను," అంది. అతను ఇంకా పేరు చెప్పలేదు. బయట సన్నెమ్మ కేకేస్తే విని ఉంటుంది.

"నేను నేరుగా మూడుసార్లు దరఖాస్తు పెట్టుకున్నానండీ," అన్నాడు అప్పలకొండ, నేరం ఒప్పుకుంటున్నట్టు.

సుభాషిణి రెక్కతో నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేశారు! నేరుగా పెట్టుకున్నవాళ్లు ఏమయ్యారో తెలుసా?"

"ఏమయ్యారండీ?"

"అదే మరి. ఎవరికీ తెలీదు."

అప్పలకొండ తోక ముడుచుకుంది.

"సరే, జరిగిందేదో జరిగింది. ఇకనుంచి మీ తరఫున నేను తప్ప ఎవరూ నోరెత్తకూడదు. మీరు కూడా ఎత్తకూడదు. ఇక్కడ గోటిముద్ర వేయండి. ఇప్పుడు చెప్పండి, మీకేం వచ్చు?"

"చెదలు తింటానండీ."

"ఛీ ఛీ. అలా అంటారా ఎక్కడైనా? 'వృక్షసంపద పరిరక్షణలో ఆమూలాగ్ర అనుభవం' అనాలి. ఇంకా?"

"చీమల్ని కూడా తింటానండీ."

"'బహుముఖ ప్రజ్ఞ'. నాయకత్వ లక్షణాలేమైనా ఉన్నాయా?"

"చీమలు నా వెనకాల రావండీ. నేనే వాటి వెనకాల పోతాను."

"'క్షేత్రస్థాయిలో నడిపించగలరు'," అని రాసేసుకుంది సుభాషిణి.

చివర్లో అంతా చదివి వినిపించింది. అప్పలకొండ నోరు తెరుచుకుని విన్నాడు. ఇంత గొప్పవాడు ఎవరో ఈ అడవిలో ఉన్నాడని తనకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదు. ఆ గొప్పవాడికి ఉద్యోగం తప్పకుండా వస్తుందనిపించింది. తన సంగతే అనుమానం.

అయిదో రోజుకే అవతలి నుంచి కబురు వచ్చింది. చెద నివారణాధికారి పోస్టుకు ఇంటర్వ్యూకు రమ్మని. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి. అలుగులు పగలంతా నిద్రపోయి పొద్దు గుంకాక లేస్తాయన్న సంగతి అలుగును పిలిచినవాళ్లెవరికీ తట్టలేదు.

సుభాషిణి మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. ఎలా వంగాలో, ఎప్పుడు నవ్వాలో, అడిగినదానికి కాకుండా అడిగి ఉండాల్సినదానికి జవాబు ఎలా చెప్పాలో నేర్పింది. ఆవిడ ఆఫీసరులా గొంతు పెట్టి "మీ గురించి చెప్పండి" అనగానే అప్పలకొండ టపుక్కున బంతి అయిపోయేవాడు. మూడు రోజుల్లో ముప్ఫైసార్లు అన్నది. ముప్ఫైసార్లూ బంతే.

మామూలు ఏజెంటు అయితే అక్కడితో వదిలేసును. సుభాషిణి ఆ బంతి చుట్టూ ఒకసారి గెంతి చూసింది. ఇటునుంచి చూస్తే అటు గోరింక కనబడదు.

"మీరు ఇలాగే ఉండండి," అంది. "మిగతాది నేను చూసుకుంటాను."

"అంటే?"

"మీ గొంతుతో నేను మాట్లాడతాను."

"అది తప్పు కదండీ?"

"అక్కడ అందరూ ఇంతే. మీ పసిదాని మొహం చూసుకోండి ఒకసారి."

అప్పలకొండ చూశాడు. మరి నోరెత్తలేదు. ఎత్తకూడదని గోటిముద్ర వేశాడు కూడాను.

అవతలి అడవి ఆఫీసు ఒక పెద్ద ఇప్పచెట్టు కింద. ఎంపికాధికారిణి హైమవతి అనే మనుబోతు, గుర్రమంత ఎత్తు జింక. నిబంధన అంటే ప్రాణం ఆవిడకు. ముందున్న బల్ల ఒక దుంగ. మూలగా ఎండుటాకుల గుట్ట ఒకటి. నిద్రమత్తులో తూలుతూ అప్పలకొండ లోపలికి అడుగుపెట్టాడు. ఆవిడ ఎత్తూ కళ్లూ చూశాడు. బంతి అయ్యాడు. కొమ్మల సందులోంచి దూరి బంతి వెనక సర్దుకుంది సుభాషిణి.

"మీ గురించి చెప్పండి," అంది హైమవతి.

బంతిలోంచి గంభీరమైన గొంతు లేచింది. అప్పలకొండ గొంతే, కాకపోతే కడిగి ఆరేసినట్టుంది. "వృక్షో రక్షతి అని నమ్మిన కుటుంబంలో పుట్టానండీ..."

హైమవతి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంతవరకూ వచ్చినవాళ్లంతా నత్తి నత్తిగా తిండి గురించే మాట్లాడారు. "రోజుకు ఎన్ని పుట్టలు చూసుకోగలరు?"

"మూడు. పండగ పూట నాలుగు."

లోపల అప్పలకొండ లెక్క వేసుకున్నాడు. ఒక పుట్ట తింటే తనకు రెండు రోజులు గడిచిపోతుంది. అయినా ఊరుకున్నాడు. బంతిలో చీకటిగా, వెచ్చగా ఉంది. పైగా మూలనున్న గుట్టలోంచి ఒక వాసన వస్తోంది. పస్తు కడుపుకు ఆ వాసన తప్ప వేరే ధ్యాస లేదు.

"అలవాట్లు?"

"పని చేయడం."

"లోపాలు?"

"మరీ ఎక్కువగా పని చేయడం."

హైమవతి కరిగిపోయింది. ఆఖరి ప్రశ్న ముచ్చటకి అడిగింది. "ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. చెదపురుగు రుచి ఎలా ఉంటుందండీ?"

గోరింకలు పురుగుల్ని కూడా తినేవే. కానీ సుభాషిణి ఆఫీసు పెట్టాక పళ్లు తప్ప ముట్టలేదు. అయినా తెలీదనడం ఆవిడ వృత్తిలో లేదు. "పుల్లగా, కమ్మగా, చింతచిగురులా ఉంటుందండీ," అంది.

అప్పలకొండ అన్నీ భరించాడు. తన పేరున ఎవడో మహానుభావుణ్ణి నిలబెట్టినా భరించాడు. మూడు పుట్టలన్నా భరించాడు. రుచి దగ్గర మాత్రం తట్టుకోలేకపోయాడు.

"పుల్లగా ఉండేవి చీమలు!" అని అరిచాడు బంతిలోంచి. "చెదపురుగు పచ్చి వేరుశనగ గింజలా ఉంటుంది! అది కూడా తెలీకుండా ఎలా తింటారు?"

బంతి విచ్చుకుంది. వెనక గోరింక, ముక్కు తెరుచుకునే ఉంది.

హైమవతి దుంగ మీదుగా మెడ చాచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దుంగలోపల ఏదో కరకరమంటూనే ఉంది.

"ఇందాకటినుంచి జవాబులు చెప్పింది ఎవరు?" అంది హైమవతి.

సుభాషిణి తన సొంత గొంతుతో మొదలెట్టింది. ఆవిడ సొంత గొంతు ఎవరూ వినలేదు అంతవరకూ. కొంచెం కీచుగా ఉంది. "మేడం, అది... మాటసాయం..."

"నా నిబంధనల పుస్తకంలో రెండు గళ్లే ఉన్నాయి," అంది హైమవతి. "ఒకటి 'ఎంపికయ్యారు'. ఇంకోటి 'మోసం, ఏజెన్సీ రద్దు'. ఏది నింపమంటారు?"

సుభాషిణి మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఎంపికే నింపండి మేడం."

"మంచిది. జవాబులు చెప్పినవారికే నియామకం, అది నిబంధన. చెద నివారణాధికారి సుభాషిణి. రోజుకు మూడు పుట్టలు, పండగ పూట నాలుగు. మీరే చెప్పారు. మూడేళ్లు రాజీనామా కుదరదు. మూడు రోజుల్లో పని చూపించకపోతే రెక్కలు కత్తిరించి శిక్షణకు పంపిస్తాం."

"అమ్మా, మరి నేను?" అన్నాడు అప్పలకొండ. జీవితంలో మొదటిసారి, బంతి కాకుండా ఒక ఆఫీసరుతో మాట్లాడాడు. ఆ సంగతి అతను కూడా గమనించలేదు.

"మీరు చెప్పింది ఒక్క జవాబు. అది కూడా అడక్కుండా చెప్పారు. ఏజెన్సీ పంపిన దరఖాస్తు ఆవిడకు జమైంది, మీ సొంత దరఖాస్తు లేదు."

"మూడు పెట్టానండీ. మోదుగాకులు."

"నేరుగా వచ్చినవన్నీ అదిగో, ఆ గుట్టలో వేస్తాం."

అప్పలకొండ వెళ్లి గుట్టను కదిపాడు. పైన నాలుగాకులు ఉన్నాయి. కింద ఈనెలు, మట్టి, బిలబిలమంటూ చెదపురుగులు. మోదుగాకు ముక్క ఒకటి మిగిలింది. 'నేను అలుగును' వరకే ఉంది.

"ఇవన్నీ చెదలు తినేశాయి కదండీ!"

"అందుకేగా ఈ పోస్టు వేసింది!" అంది హైమవతి.

"మరి ఈ పోస్టుకు వచ్చిన దరఖాస్తులైనా..."

"అవీ అక్కడే వేస్తాం. ఒక పోస్టుకు ఒకలా, ఇంకో పోస్టుకు ఇంకోలా చూస్తే పక్షపాతం అంటారు."

అప్పలకొండకు కోపం రాలేదు. ఆకలేసింది. "అమ్మా, ఉద్యోగం సంగతి ఎలాగూ లేదు. ఈ గుట్టలో ఉన్నవి తినిపోనా?" అని అడిగాడు. ఆకలేసినవాళ్లు తినకూడదని నిబంధన ఏదీ హైమవతికి దొరకలేదు. అప్పలకొండ నాలుక చాచాడు. మూరెడు నాలుక ఆకుల మధ్య నుంచి దూరి, దుంగలోకి వెళ్లి, బయటికొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ ఆఫీసులో కరకర ఆగిపోయింది.

హైమవతి చెవి ఒగ్గి వింది. పుస్తకం తిరగేసింది. పోస్టు భర్తీ అయిపోయింది. ఏం చేస్తుంది పాపం, "వెళ్లి రండి," అంది.

అప్పలకొండ ఏటి ఒడ్డుకు చేరేసరికి మబ్బులు నల్లగా ఉన్నాయి. ఎగువన వాన పడ్డట్టుంది, తిప్పలు సగం మునిగాయి. ఒడ్డున కూర్మారావు మెడ చాచి ఉన్నాడు.

"ఏమైందిరా?"

"గోరింకకు ఉద్యోగం వచ్చింది బాబాయ్."

కూర్మారావు తల లోపలికి లాక్కున్నాడు. లోపలినుంచి నవ్వు చాలాసేపు వినబడింది.

"నవ్వకు. సన్నెమ్మకు ఏం చెప్పను? పసిదానికి ఏం పెట్టను?" అన్నాడు అప్పలకొండ. నీళ్లకేసి చూస్తూ ఒడ్డునే కూలబడ్డాడు. ఒట్టిచేతులతో ఇంటికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఒక పూట గడిచింది. మరో పూట గడిచింది.

రెండో రోజు మధ్యాహ్నం నెత్తి మీద రెక్కల చప్పుడు. సుభాషిణి. ముక్కు నిండా మట్టి. తోకలో రెండు ఈకలు లేవు. చెదపురుగులు కూడా కరుస్తాయని ఆవిడ రాసిన బయోడేటాలో ఎక్కడా లేదు.

"అప్పలకొండ గారూ! నాయనా! నిన్న పదకొండు తిన్నాను. ఇవాళ ఆరు."

"పుట్టలా?"

"పురుగులు!" గొంతు బొంగురుపోయింది. "రేపటితో మూడు రోజులు. అధికారికి సహాయకుణ్ణి పెట్టుకునే హక్కు ఉందట, పుస్తకంలో చూశాను. ఎంపిక పూర్తిగా నాదే. మీరు రావాలి."

అప్పలకొండ తీరిగ్గా గోళ్లు చూసుకున్నాడు. "ఇంటర్వ్యూ ఉంటుందాండీ?"

"ఏమీ లేదు."

"వృక్షసంపద గురించి నాలుగు ముక్కలు చెప్పాలేమో?"

"నోరు తెరవక్కర్లేదు! అంటే తెరవాలి, తినడానికి."

"రోజుకు మూడు పుట్టలంటే నా వల్ల కాదండీ. రెండు రోజులకు ఒకటి. అది కూడా సన్నెమ్మ వస్తే. ఇద్దరం కలిస్తే రోజుకొకటి అవుతుంది."

"మిగతా రెండూ?"

"అవి మీరు చెప్పండి. మీరు చెబితే బాగుంటుంది."

సుభాషిణి ఆలోచించింది. అది తనకు వచ్చిన పనే. మొహంలో కళ తిరిగొచ్చింది.

"ముందు వెళ్లి మా ఆవిణ్ణీ పసిదాన్నీ ఏరు దాటించండి," అన్నాడు అప్పలకొండ. "ఆ తర్వాతే నాలుక బయటికి తీస్తాను."

ఎవరినైనా అవతలి అడవికి పంపిస్తానని చెప్పడమే తప్ప దగ్గరుండి తీసుకురావడం సుభాషిణికి అదే మొదటిసారి. నీళ్ల మీద ఎగురుతూ, "ఎడమకు, ఎడమకు, అక్కడ రాయి ఉంది" అని దారి చెప్పింది. సన్నెమ్మ ఈదింది. కూర్మారావు వీపు మీద పసిది కూర్చుంది. ఒడ్డుకు చేరిన గంటకు తొలకరి విరుచుకుపడి తిప్పలన్నీ మాయమయ్యాయి.

"ఏమయ్యా, ఉద్యోగం వచ్చిందా?" అంది సన్నెమ్మ ఒళ్లు దులుపుకుంటూ.

"నాకు కాదే. ఆవిడకు వచ్చింది. పని మనకు వచ్చింది."

సన్నెమ్మ పసిదాన్ని మళ్లీ తోక మీద ఎక్కించుకుని చుట్టూ చూసింది. పక్కనే ఒక పుట్ట కనబడింది, ముంగిస లేని పుట్ట. పసిది అప్పటికే తోక మీంచి దూకి పరిగెత్తింది.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం సుభాషిణి వెళ్లి "ఈ రోజు మూడు పుట్టలు" అని హైమవతికి శ్రావ్యంగా నివేదిక చెబుతుంది. హైమవతి తృప్తిగా గడి నింపుతుంది. ఆ నివేదిక అయ్యాక అలుగులు నిద్రలేచి ఒక పుట్ట తింటాయి. మద్ది చెట్లు కూలడం నిజంగానే తగ్గింది.

నీతి: విదేశంలో ఉద్యోగం కావాలంటే, ముందు మీ ఏజెంటుకు అక్కడ ఒక ఉద్యోగం చూసిపెట్టండి.